కారణం అనే గడి

మార్కులా? ఒకటి నుంచి అయిదు లోపు వెయ్యాలా? నేనేమన్నా పరీక్ష పేపర్లు దిద్దే మేష్టార్నా అమ్మా! మీ సాఫ్ట్‌వేరుకేం, గుండ్రాయిలా ఉంది. కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇటు రండి.

ఈ డిపోలో రెండొందల పన్నెండు మంది. రేపు ఎవరు ఏ బస్సెక్కాలో చార్టు వెయ్యడానికి నాకు భోజనాలయిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా పట్టేది. ఇప్పుడో? నాలుగు సెకన్లు. కళ్లజోడు తుడుచుకునే లోపు అయిపోతోంది. మరి మార్కులు తగ్గిస్తే అన్యాయం కాదూ?

ఇరవయ్యారేళ్లు పెన్సిలుతో వేశాను. పెన్నుతో వేస్తే చెరపలేం కదా. ఇదిగో, ఈ కిటికీ అద్దంలో కంత ఉంది చూశారా? డ్రైవర్లూ కండక్టర్లూ ఇక్కడ వంగి చెప్పుకునేవాళ్లు. "బాబాయ్, రేపు పొద్దుటి డ్యూటీ వద్దు." అంతే. ఎందుకని అడిగేవాణ్ణి కాదు. ఇవాళ కాకపోతే ఎల్లుండి వాళ్లే చెప్పేవాళ్లు. పొడుగు డ్రైవరుకి మోకాళ్లు అరిగిపోయాయి, దూరం బస్సు వద్దు. టోపీ డ్రైవరుకీ, కండక్టరుగా ఉన్న వాళ్ల బావమరిదికీ మాటల్లేవు, ఇద్దర్నీ ఒకే బస్సులో వేశామా, ఇంక ఆ బస్సు ఏ స్టాపులోనూ ఆగదు! అన్నీ విని కడుపులో పెట్టుకునేవాణ్ణి. కాగితం మీద ఒక్క ముక్క ఉండేది కాదు.

విజిలక్క అని ఒక కండక్టరు ఉంది. తను విజిలేస్తే పక్క బస్సు కూడా కదులుతుందని ఆ పేరు. నాకు కూతురి వయసు. పదకొండేళ్ల కిందట ఈ కంత దగ్గరికే వచ్చింది. "బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, పద్నాలుగో నంబర్లో మాత్రం వెయ్యకు" అంది. వెయ్యలేదు. నెల తర్వాత చెప్పింది. మొగుడు తనని వదిలేసి ఇంకొకావిడతో కాపురం పెట్టాడట. మిల్లు స్టాపు పక్కనే ఇల్లు. పొద్దున ఎనిమిదింపావుకి ఇద్దరూ పద్నాలుగే ఎక్కుతారు. "వాళ్లిద్దరికీ నా చేత్తో టిక్కెట్లు కొట్టమంటావా బాబాయ్?" అంది. ఏడవలేదు. అడిగింది, అంతే.

డిపోలో వాళ్లకి మాత్రం "మా ఆయనకి ఎక్కడో దూరాన ఉద్యోగం, సెలవు దొరకట్లేదు" అని చెప్పుకునేది. నవ్వుతూ చెప్పేది. పదకొండేళ్లు ఆ మాట నిలబడిందమ్మా. నేను ఊరెళ్తే ముందుగానే వారం చార్టు వేసిపెట్టి వెళ్లేవాణ్ణి. నా బదులు వచ్చినవాడు తెలీక పద్నాలుగులో వేస్తాడేమోనని భయం.

ఆ తర్వాత ఈ సాఫ్ట్‌వేరు పట్టుకుని మీరొచ్చారు. మీటింగు పెట్టి, మేనేజరు గారు నా చొక్కాకి బిళ్ల గుచ్చారు, 'మార్పు సారథి' అని. సారథినట! సైకిలు తప్ప ఏదీ తోలడం రాదు నాకు. అందరూ చప్పట్లు కొట్టారు.

మీరు నా పక్కన ఇక్కడే కూర్చున్నారు, గుర్తుందా? కళ్లింత చేసుకుని అడిగారు, "సార్, ఎవర్ని ఎక్కడ వెయ్యకూడదో ఇదంతా మీ బుర్రలోనే ఉందా?" అని. ఏడుగురు మేనేజర్లు మారారమ్మా ఈ డిపోకి. ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అడిగిన పాపాన పోలేదు.

ఎవర్ని ఎక్కడ వెయ్యకూడదో కొట్టడానికి మినహాయింపు అని ఒక గడి, దాని పక్కన కారణం అనే గడి. నిండితే గానీ మీ సాఫ్ట్‌వేరు ముందుకి కదలదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని కొట్టాను. ఒంటి వేలితో.

సోమవారం పొద్దున రెస్టు రూములో కొత్త టీవీ పెట్టారు, ఇంక గోడకి చార్టు అంటించక్కర్లేదని. పేరు, బస్సు నంబరు, టైము, దాని పక్కన మినహాయింపు, దాని పక్కన కారణం. ఆ గడి కూడా బయటికొస్తుందని మీకూ తెలీదు, నాకూ తెలీదు. మొదట మోకాళ్లు చదివి నవ్వారు. బావమరిది సంగతి చదివి ఇంకా నవ్వారు. తర్వాతి పేజీ వచ్చింది. "భర్త వదిలేసి వేరొకామెతో ఉంటున్నాడు, వాళ్లిద్దరూ ఈ బస్సే ఎక్కుతారు." ఒక్క అక్షరం తప్పు లేకుండా కొట్టాను. ఇంకెవరూ నవ్వలేదు.

విజిలక్క అక్కడే ఉంది. టీ తాగడం పూర్తి చేసింది. గ్లాసు కడిగి బోర్లించింది. కిటికీ దగ్గరికి వచ్చింది. వంగలేదు. నిలబడే, "సార్, నన్ను పద్నాలుగులో వెయ్యండి" అంది.

పదకొండేళ్లు బాబాయ్‌ని కదా. సార్ అంది.

వేశాను. మినహాయింపు తియ్యడానికి కారణం అడగదు మీ సాఫ్ట్‌వేరు. నొక్కగానే తీసుకుంది.

మొన్న నేనూ ఆ బస్సెక్కాను. ఎందుకెక్కానో తెలీదు. మిల్లు స్టాపులో వాళ్లిద్దరూ ఎక్కారు. రెండు టిక్కెట్లు కొట్టిచ్చి, "జరగండి, లోపలికి జరగండి" అంది, అందరితో అన్నట్టే. నా దగ్గరికి వచ్చింది. స్టాఫుని, నాకు టిక్కెట్టేంటి? అయినా "ఎక్కడికి సార్?" అని అడిగింది. తర్వాతి స్టాపులో దిగిపోయాను.

ఇప్పుడీ కిటికీ దగ్గరికి ఎవరూ రావట్లేదు. కంతకి అట్టముక్క అంటించేశాను, ఊరికే గాలొస్తోందని. బాధగా ఉందా అంటారా? ఏమోనమ్మా. ఏమీ అనిపించట్లేదు. తింటున్నాను, పడుకుంటున్నాను, వచ్చి ఇక్కడ కూర్చుంటున్నాను.

ఛ, మీరెందుకు తల దించుకుంటారు? మీ తప్పేం లేదు. ఆ రోజు మీరు స్పష్టంగా చెప్పారు, "సార్, వ్యక్తిగతం అని ఒక్క మాట కొడితే చాలు, తీసుకుంటుంది" అని. నేను విన్నాను. విని కూడా అంతా కొట్టాను. అందరివీ. ఎందుకో తెలుసా? అది మీరు చదువుతారని. చదివి, అబ్బ, ఈయనకి ఎన్ని తెలుసో అనుకుంటారని. అంతేనమ్మా. ఇంకేం లేదు.

మార్కు ఒకటి వెయ్యండి. కింద కారణం కూడా రాయాలా? ఖాళీగా వదిలేస్తే ఇదీ ముందుకి పోదా?

సరే. అయితే నా పేరు కొట్టండి.