ఫొటో లేని ఆపరేషన్

సభాధ్యక్షులు, మా ట్రస్టు చైర్మన్ బాలకిషన్ గారికి, పిల్లలకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ శ్రీవాణి గారికి, జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి పొద్దున్నే బస్సులెక్కి కోరుట్ల దాకా వచ్చిన తల్లిదండ్రులకు, నా తోటి ఉద్యోగులకు నమస్కారం.

ఇందాక పెద్దలు ‘మా సంధ్యారాణి దేవత’ అన్నారు. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల్ని వెతుక్కుంటూ ఇరవై ఆరేళ్లు బీర్పూర్ నుంచి ఎల్లారెడ్డిపేట దాకా తిరిగి, ఇవాళ రిటైరవుతున్న మనిషిని నేను. దేవతలకు మోకాళ్ల నొప్పులుండవు. (నవ్వులు) పొగడ్తలు చాలు గానీ, ఒక తల్లి నన్ను ఎలా నిలదీసిందో చెప్పి పోతాను.

ఎనిమిదేళ్ల కిందట, ఎల్లారెడ్డిపేటలో కూలి చేసుకునే సరిత తన నాలుగేళ్ల బిడ్డ ప్రీతిని మా జగిత్యాల ఆఫీసుకు తీసుకొచ్చింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. ఆపరేషన్‌తో బాగవుతుందని అప్పటిదాకా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అప్పట్లో మాకొక నియమం ఉండేది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత ఫొటోలు తీసి, దాతల పేర్లతో ఫ్లెక్సీ మీద వేయడానికి తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. అలాంటి సంతకాలు వందల మందితో నేనే పెట్టించాను. ఎవరూ అడగలేదు కాబట్టి తప్పనిపించలేదు. సరిత అడిగింది.

“నా బిడ్డ మూతి బాగు చెయ్యుండ్రి మేడం, గని గిట్ల బజార్ల ఎందుకు పెడ్తరు?”

“దాతలు చూడాలె గదా సరితా. చూస్తెనే ఇంకో పిల్లకు సాయం చేస్తరు.”

“నీ బిడ్డయితే పెడుదువా?”

ఆమె బిడ్డను చంకనేసుకుని బస్టాండుకు నడిచిపోయింది. నేను ఆపలేదు. ఆ సంగతి ఇవాళ మీ అందరి ముందు ఒప్పుకుంటున్నాను.

మర్నాడు బాలకిషన్ గారి ముందు రాజీనామా పెట్టి, “ఆ కాయితమన్న ఉండాలె, నేనన్న ఉండాలె” అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. నవ్వకండి సార్, బాగానే వచ్చింది. (నవ్వులు) “దాతలు పోతే పిల్లల గతి ఏంది? నీ పౌరుషంతోని ఆపరేషన్లు అయితయా?” అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. “అయితే మీరే వచ్చి సరితను అడుగుండ్రి” అన్నాను. సిరిసిల్లలో నేత సాంచాల మోత మధ్య పెరిగిన మనిషి, పంతం ఎక్కువే. వెంటనే బయల్దేరారు.

ఎల్లారెడ్డిపేటలో తన ఇంట్లో సరిత మాకు చాయ్ పెట్టింది. లోపలి నుంచి వచ్చిన ప్రీతి మమ్మల్ని చూడగానే అరచేత్తో మూతి మూసుకుంది. బాలకిషన్ గారు బిస్కెట్ ఇస్తే రెండో చేత్తో తీసుకుంది గానీ మూతి మీది చెయ్యి తీయలేదు, బిస్కెట్ తినలేదు. ఆయన తన సంచిలోంచి ఆ సంతకం కాగితం బయటికి తీయనే లేదు. తిరుగు ప్రయాణంలో సిరిసిల్లలో కారు దిగుతూ, “గా కాయితం చింపెయ్” అన్నారు.

నెల తిరగకుండా శ్రీవాణి గారు ఆపరేషన్ చేశారు. ఫొటోలు లేవని ఇద్దరు దాతలు మానుకున్నారు. దాంతో కొందరు పిల్లలు ఆరు నెలలు ఆగాల్సి వచ్చింది. ఇళ్లకు వెళ్లి ఆ మాట చెప్పింది నేనే, ఆ తిట్లు తిన్నదీ నేనే. అయినా మళ్లీ ఎవరినీ ఆ సంతకం అడగలేదు.

ఇప్పుడెందుకు ఈ గొడవ అంటారా? ట్రస్టు కొత్త కమిటీ ఆ నియమాన్ని తిరిగి తెస్తోంది. పిల్లల వీడియోలు ఫోన్లలో తిప్పితే విరాళాలు పెరుగుతాయని తీర్మానం రాశారు. కమిటీ కార్యదర్శి జితేందర్ గారూ, మీరు మంచివారే. పొద్దున ప్రీతిని వేదికెక్కించి అందరికీ చూపిద్దామన్నారు. పన్నెండేళ్ల ఆ పిల్ల మీతో ఏమంది? “నేను మేడంను చూసిపోదామని అచ్చిన సార్. నన్ను చూపెట్టకుండ్రి.” (చప్పట్లు)

ఆపరేషన్ చేయించినంత మాత్రాన ఆ ముఖం మన సొత్తయిపోదు. చెయ్యి చాచాల్సి వస్తే మనం చాపుదాం, పిల్లల చేత చాపించొద్దు. ఈ శాలువా ప్రేమతో కప్పారు, కప్పుకుంటాను. నోటికి మాత్రం కప్పనివ్వను. సోమవారం ఆ తీర్మానం కమిటీ ముందుకు వస్తోంది. అక్కడ నాకు ఓటు లేదు, కుర్చీ లేదు. నిలబడే మాట్లాడతాను. సరిత కూడా వస్తానంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు తీసేస్తారేమోనన్న భయం ఏ మూలో ఉండేది. జీతం లేని మనిషిని ఎవరు తీసేస్తారు? (నవ్వులు)

ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ, మొహం మీదే అడిగి నా కళ్లు తెరిపించిన తల్లులకు కృతజ్ఞతలు. సోమవారం పదింటికి ఆఫీసులో కలుద్దాం. అందాకా సెలవు.