విచ్చుకోని గొడుగులు

డాబా మీద పుట్టగొడుగులు పెంచే గది. రిటైరైన బస్సు కండక్టరు, విత్తనాల సంస్థ నుంచి వచ్చిన అమ్మాయి.

"మళ్ళీ అదేనా, బాబాయి గారూ?"

"అదేనమ్మా. చూడు, కాడలు జానెడేసి సాగాయి. గొడుగు మాత్రం చొక్కా గుండీ అంత."

"వరసగా మూడో నెల. నెలకో ఫిర్యాదు."

"ఏం చేస్తాం. ముందు కూర్చో. టీ పెడతాను."

"టీ తర్వాత. గాలి ఆడనిస్తున్నారా? ఇవీ మనలాగే ఊపిరి పీలుస్తాయని చెప్పాను కదా. విడిచిన గాలి గదిలోనే నిలిచిపోతే గొడుగు విచ్చుకోదు, కాడ ఒక్కటే అలా సాగుతూ పోతుంది."

"చెప్పావు, చెప్పావు. పోయినసారి మధ్యాహ్నం దాకా కూర్చుని మరీ చెప్పావు."

"మరి తలుపు తీస్తున్నారా?"

"పంచదార ఒక్క చెంచానే కదూ నీకు?"

"బాబాయి గారూ."

"తీస్తున్నానమ్మా. రోజూ తీస్తున్నాను."

"ఇంట్లో ఇంకెవరైనా మూసేస్తున్నారేమో?"

"ఇంకెవరున్నారు? మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. బస్సులో రోజుకి ఐదారు వందల మందితో మాట్లాడినవాణ్ణి. ఇప్పుడు ఈ పుట్టగొడుగుల సంచులే."

"అయితే విత్తనంలోనే లోపమని రాయాలి. రెండుసార్లు అదే రాశాను. ఆ విత్తనం తయారుచేసి సీసాల్లో నింపింది నేనే. ఈసారీ అదే రాస్తే నన్ను తీసేస్తారు."

"నిన్నా?"

"ఇంకెవర్ని?"

"అదేంటమ్మా... ఆ మాట ముందే చెప్పొచ్చుగా."

"చెబితే మాత్రం ఏం మారుతుంది? ఉండండి. ఈ గోడకి కింద గాలి కంతలు ఉండాలే."

"ఆ అట్టపెట్టె కదపకు. బరువు."

"ఖాళీగానే ఉంది. ఇదేమిటి, కంతల నిండా గుడ్డలు! ఎలుకలొస్తున్నాయా?"

"లేదు."

"మరెవరు కుక్కారు?"

"కాగితం తియ్యి. రాసుకో. విత్తనంలో ఏ లోపమూ లేదు, కంతలు మూసింది నేనే. సంతకం పెడతాను."

"మీరా? ఎందుకు, బాబాయి గారూ? మొదటి పంట ఎంత బాగా వచ్చింది! పళ్ళెమంత గొడుగులు. ఆఫీసులో అందరికీ ఫోటో చూపించాను."

"బాగా వచ్చిందమ్మా. ఆ తర్వాత రెండు నెలలు ఈ మెట్లెక్కి ఎవరూ రాలేదు."