వానకాలం హాలు

‘టీచర్ పోయినా గీ హాలు యోగాకే ఉంటది మొగిలయ్యన్నా, నాది జిమ్మ, నేను చూసుకుంట.’ మీ నాయన నాకిచ్చిన మాట గిది, అనుదీప్. తబితా టీచర్ సంతాప సభల, మన అమీర్‌పేట కాలనీ మొత్తం ముందట, మైకు పట్టుకొని అన్నడు. జర కూసో బిడ్డా. మీ నాయన తర్వాత ఇప్పుడు కాలనీ ప్రెసిడెంట్‌వి నువ్వే గద, వినిపో. ఛాయ్ తాగుతవా? వద్దా, సరే తియ్. నువ్వు నిక్కర్ల తిరిగేటప్పుడే పోయింది టీచర్. పంజాగుట్ట దిక్కు బడిల డ్రిల్లు చెప్పేది. రిటైరయినంక మా ముసలోళ్లకు యోగా నేర్పుడు షురూ చేసింది. వాళ్ల చర్చి పెద్ద యేసురత్నం ఊకుంటడా? ‘సూర్యునికి మొక్కుతున్నవట గదమ్మా’ అన్నడు. ‘మొక్కుతలేను సార్, వంగుతున్న. మీరు సుత వంగుండ్రి, పొట్ట తగ్గుతది’ అన్నది. గట్లుండేది మనిషి.

ఆమె క్యాలెండర్ చూడకపోయేది. రాంగనే అడిగేది, ‘పొద్దున ఏ నీళ్లు తాగిండ్రు?’ సగం మంది కుండనీళ్లంటే ఆ రోజుకెళ్లి ఎండకాలం లెక్క: సూర్యనమస్కారాలు బంద్, నిమ్మళంగ వంగుడు, సల్లగ గాలి పీల్చుడు. వేడినీళ్లంటే చలికాలం: డాబా మీద ఎండ పడ్డంకనే మొదలు, ఒంట్ల వేడి పుట్టేదాక నమస్కారాలు. వానలు పడితే మాత్రం డాబా ముచ్చటే లేదు. తేమ నేల మీద పండుకుంటే నడుము పట్టేస్తదని కాలనీ హాల్ల జంపఖానా పరిచి, కీళ్లు వదులయ్యేటియి చేయించేది. రాజనర్సయ్య ఎరుకేనా నీకు, లెక్కల సారు? మొండోడు. ‘కాలాన్ని బట్టి మారితే అది నియమమెట్లయితదమ్మా’ అని నడి మే నెలల నమస్కారాలు గుంజిండు, గుంజిండు, కండ్లు తిరిగి నీళ్ల ట్యాంకు పక్కన పడ్డడు. ఆమె ఉరికొచ్చింది. నీడకు తెచ్చి, మజ్జిగ తాపి, జర తేరుకున్నంక ‘నాలుక గొట్టంలెక్క చుట్టి గాలి పీల్చుండ్రి సార్’ అన్నది. ఎంత తిప్పినా చుట్టుకోదాయె. ‘నాది గవర్నమెంటు నాలుకమ్మా, వంగదు.’ ‘అయితె పండ్ల సందుకెళ్లి పీల్చుండ్రి. మీ ఒంటికి పడేదే మీ నియమం.’ గంతే. తెల్లారికెళ్లి నీళ్ల ముచ్చట అడుగుడు ఆయన డ్యూటీ అయింది.

ఆమె పోయినంక సుత మేం గట్లనే నడుపుకుంటొచ్చినం. నిరుడు మీ నాయన ఆ హాలు కోచింగోళ్లకు ఇచ్చిండు, తాళం మారింది. అడిగితె ‘కాలం మారింది తాతా’ అంటివి. మారదా మరి? మారుతదనే గద, వాన కోసమని ఆమె హాలు అడిగింది. హాలు లేక వానల సుత డాబా మీదనే చేస్తుంటె, పోయిన శ్రావణంల మాతోటి వచ్చే చిలకమ్మ పాచికి జారి తుంటి ఇరగ్గొట్టుకున్నది, ఇప్పటిదాక మంచం దిగలే. మా మనుమరాలు పింకీ ‘హక్కులు అడుక్కుంటె రావు, ధర్నా చేద్దాం’ అంటది. నేనే ఆపిన, పిలగాడు మంచోడు, మాట్లాడి చూద్దమని. ఆగు, కమిటీ ముచ్చట నాకు చెప్పకు. మృగశిర కార్తె ఎనిమిదో తారీఖు వస్తది, దాని ఎంబడి వాన. జూన్ ఏడు, పొద్దుమూకే లోపట, హాలు ఇస్తవా ఇయ్యవా, ఒక్క మాట చెప్పు.