సన్న కూత, బొంగురు కూత

కాదండీ, నేనడిగింది ఒకటి, మీరు చెబుతున్నది ఇంకొకటి. రిమోటు సంగతి నేనసలు ఎత్తనే లేదు. దాని ఎంపికలో మీకు వంక పెట్టేదెవరు?

ఫోను మీద వేలితో గీస్తే పెరట్లో బొమ్మరైలు దానంతటదే నడుస్తుందని కొట్టతను ఎంత ఊరించినా మీరు లొంగలేదు. కళ్లు ఫోను మీదుంటే బండినెవరు చూస్తారన్నారు. చేతిలో ఇమిడి, బొటనవేలికి గుండ్రటి నాబ్ అందే రిమోటే తీసుకున్నారు. నాకు చెప్పులు కొనాలంటే కొట్టు గుమ్మంలోంచే తొందరపెట్టే మనిషి, ఒక నాబ్ తిప్పి చూస్తూ పూటంతా నిలబడ్డారు. సరే, బాగుంది. కాదన్నానా?

నేనడుగుతున్నది కూత గురించి. ఆఁ, కూత. ఉండండి, కుడిచెవి వైపు వస్తాను.

ఆ రోజు కొట్టులో ఏం జరిగిందో మీకు తెలియదు. అక్కడే ఉన్నారు, అయినా తెలియదు. ఇంజన్ పొట్టలో బిగించే సౌండు కార్డులు రెండు రకాలు చూపించాడతను. చక్రం తిరిగినప్పుడల్లా వచ్చే చుక్‌చుక్ రెంటిలోనూ ఒకటే, తేడా అంతా కూతలోనే, ఒకటి సన్నం, ఒకటి బొంగురు అన్నాడు. మొదటిది నొక్కాడు. సన్నటి కూత, సూదిలో దారం ఎక్కించినట్టు చెవిలోంచి దూరిపోయి ఆగింది. మీరు మాత్రం తల వంచి, ఎప్పుడు మొదలవుతుందా అని ఇంకా ఎదురుచూస్తున్నారు.

అతను మీ మొహం చూశాడు. నేను నేల చూశాను. ఎలా ఉందండీ అని అతనడిగితే మీరు తాపీగా తలాడించి, "దివ్యంగా ఉంది, ఇదే బిగించండి" అన్నారు. రెండోది వినను కూడా లేదు.

నవ్వుతున్నారా? నవ్వండి. శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగినవాడే నయం కదండీ, బాగా ఊదావని మెచ్చుకోలేదు.

చెవుల డాక్టరు దగ్గరికి వెళదామంటే, చెవులు సరిగానే ఉన్నాయి, జనమే గొణుగుతున్నారంటారు. టీవీ వాళ్లు గొణుగుతారు. పక్కింటాయన గొణుగుతాడు. మొన్న కుక్కరు కూడా గొణిగింది, పప్పు మాడింది. లోకమంతా మీ మీద కక్షకట్టి గొంతు తగ్గించుకుందా ఏమిటి?

నా బాధ అది కాదు. వర్షం రానీ ఎండ రానీ మోకాళ్ల మీద పాకుతూ పూలకుండీల మధ్య పట్టాలు పరిచిన మనిషి, తన బండి కూత తనే వినకుండా పోతే ఎలా? ఆ మాట మీ ముందంటే మీ మొహం ఎలా అయిపోతుందో ఊహించుకుని, అనలేకపోయాను.

అందుకని కొట్టుకు ఫోను చేశాను. అవును, నేనే. ఆయనగారు చెప్పింది కాదు, ఆ బొంగురు కూత కార్డే బిగించి పంపించు బాబూ అన్నాను. అతను ఎందుకని అడగలేదు. అప్పుడే తెలిసింది, అతనికీ అర్థమైపోయిందని.

కోపమా? పడండి, తప్పులేదు. కానీ పొద్దున మిమ్మల్ని మీరు చూసుకోలేదు కదా, నేను చూశాను. మీరు మీట నొక్కగానే ఓడ బయల్దేరినట్టు ఆ కూత. ఉలిక్కిపడ్డారు. ఇంజన్ వంక చూశారు. మళ్లీ నొక్కారు, మళ్లీ. కుండీల మీది పిట్టలు లేచిపోయాయి, పక్కింటాయన కిటికీ మూసేశాడు. నేను వంటింట్లో కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను. ఇన్నాళ్ల తర్వాత మీకు ఏదో ఒకటి పూర్తిగా వినబడింది.

సంతోషించాను. ఆ సంతోషంలోనే ఎక్కడో కలుక్కుమంది కూడా. అంతకు ముందు, టిఫినుకు రండి రండని కిటికీ దగ్గర నిలబడి ఎంతసేపు పిలిచానో. మీరు తల కూడా తిప్పలేదు. మరి నా గొంతూ సన్నదే కదండీ. పెళ్లయిన కొత్తలో అదే బాగుందనేవారు. దీన్ని ఏ కొట్టుకు ఫోను చేసి మార్పించుకోను?

పోనీలెండి. లేవండి, అన్నం చల్లారిపోతోంది. రేపట్నుంచి పిలవాలంటే నేనూ ఆ కూతే వేస్తాను.