సెనేటర్ రాసిచ్చిన క్షమాపణ

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో కరువు మూడో ఏడు. సాయంత్రం ఆరున్నర కబుర్లకు రెండు నిమిషాల ముందు, రేడియో స్టేషన్‌లో మైకు ముందు కూర్చున్న హాస్యగాడికి సెనేటర్ ఒక కాగితం ఇచ్చాడు.

"క్షమాపణ. నేనే రాశాను. చదవకపోతే రేపణ్ణుంచి నీకు మైకు లేదు. నీ కార్యక్రమానికి డబ్బు పెట్టే పిండిమిల్లు యజమానితో మాట్లాడే వచ్చాను."

"చదువుతానండి."

"అక్షరం పొల్లు పోకూడదు."

"పోనివ్వను. మా అన్న కూడా వింటాడు. సర్కారు పంపిన గడ్డి అందక పధ్నాలుగు ఆవుల్ని తన తుపాకీతోనే కాల్చుకున్నాడు. ఇప్పుడు సాయంత్రాలు పాలు పితికే పని లేదు."

"ఆ గడ్డి జోకుతోనేగా నా పరువు తీశావు! చర్చిలో కూడా నవ్వుతున్నారయ్యా."

హాస్యగాడు కళ్లజోడు పెట్టుకుని కాగితం చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికి వచ్చాడు.

"మీరు లాయరు కదూ, సెనేటర్ గారూ?"

"ఇరవై ఏళ్లు. అందుకే ఏ సందూ వదల్లేదు."

"అవునండీ. గడ్డి మీ బావమరిదికి అమ్ముకోలేదని రాశారు. వంతెన సిమెంటుతో ఇల్లు కట్టుకోలేదని, అనాథాశ్రమం బొగ్గు కాజేయలేదని కూడా రాశారు. నేనన్నది గడ్డి ఒక్కటే. మిగతా రెండూ నాకు తెలియనే తెలియవు."

"ఇటివ్వు."

"పొల్లు పోకూడదన్నారుగా."

"ఇటివ్వమంటున్నానా!"

ఎర్రదీపం వెలిగింది. ఇక ఆ గదిలో ఎవరు గొంతెత్తినా రాష్ట్రమంతా వింటుంది. హాస్యగాడు సెనేటర్‌కు కుర్చీ చూపించాడు.

"అందరూ బాగున్నారా? ఈ పూట జోకులు లేవు. సెనేటర్ గారు స్వయంగా రాసిచ్చింది చదువుతాను. అన్నయ్యా, రేడియోకి కాస్త దగ్గరగా జరుగు. నిదానంగానే చదువుతాను."