బాగుంది అని రాయొద్దన్న వజీర్ సారు

ఏందే బిడ్డా ప్రసూనా, ఆ పరీక్ష పేపర్ల కట్ట ముందటేసుకొని పొద్దటి సంది గట్ల నిట్టూరుస్తున్నవ్? ఇటియ్యి ఒకటి. నా అద్దాలేవి... ఇగో, నెత్తి మీదనే ఉన్నయి. ఊఁ. 'ఈ పాఠంపై నీ అభిప్రాయం రాయుము.' మంచి ప్రశ్నే. 'ఈ పాఠం నాకు ఎంతగానో నచ్చింది. కవి శ్రమ విలువను కళ్లకు కట్టినట్టు వర్ణించినాడు.' సరే, ఇంకోటియ్యి. 'ఈ పాఠం నాకు ఎంతగానో నచ్చింది. కవి శ్రమ విలువను...' ఇదీ అదేనా? ఇదీ అదే! నలభై ఒక్కమంది పిల్లలకు ఒక్కటే అభిప్రాయమేందే? మన ఇంట్ల ముగ్గురముంటే పప్పుల ఉప్పు సరిపోయిందా అంటే మూడు మాటలొస్తయి. ఏందీ, గైడులో అట్లనే ఉందా? ఆ పిల్లల అభిప్రాయం గైడులోకి ఎట్ల పోయిందే? నువ్వు టీచరువా, గైడు అమ్మేటామెవా? అవ్, అవ్, సిలబస్ కావాలె, రిజల్ట్ కావాలె, నీ బాధలు నీకున్నయి. ఆ పక్కకు తీసిపెట్టినవే ఒకటి, అదేంది? చదువు, నా కండ్లు గుంజుతున్నయి. 'నాకు ఈ పాఠం నచ్చలేదు. రైతు చెమటను ముత్యాలన్నారు. మా నాన్న పామాయిల్ తోటలో గెలలు కోసి వస్తాడు. ఆ అంగీ ఉతికేది నేను. అందులో ముత్యాలు లేవు.' హహ్హ! ఎవలీ పిల్ల? పద్మప్రియా? మీ అశ్వారావుపేటల ఇంత తెలివి గల పిల్లను పెట్టుకొని నిట్టూరుస్తవేందే! ఏందీ, సున్నా వేస్తవా? జవాబుల కీలో లేదా? పైనుంచి ఎవలన్న వచ్చి చూస్తే నిన్నంటరా? ఆగు. ఆ ఎర్రపెన్ను కింద పెట్టు. పెట్టమన్ననా!

వజీర్ సారు సంగతి నీకు చెప్పిన్నా? చెప్పలేదా? ఇన్నేండ్లు ఏం మాట్లాడిన్నో మరి నీతోటి. మేం పర్ణశాల దగ్గర చదువుకున్నం కదా, గోదారి ఒడ్డున, రేకుల బడి. వానొస్తే పాఠం వినపడేది కాదు, రేకుల చప్పుడే. అక్కడ మా తెలుగు పండితుడు వజీర్ సారు. ఆయన నాయన ఖమ్మంల గిన్నెలకు కళాయి పెట్టేటోడు. సారు కొత్తగ వచ్చినప్పుడు మా నాయనసుంటోళ్లు, 'పద్యం చెప్పనీకి ఈయనే దొరికిండా' అని గొణిగిండ్రు. ఆయన గొంతెత్తి పద్యం చదువుతుంటే గుడికి పొయ్యే యాత్రికులు కంచె కాడ సంచులు దించి నిలబడేటోళ్లు. అది చూసినంక మా నాయన మల్ల నోరెత్తలే. మా నాయన మాట వేరే, ఆయనకు ఏదీ ఒకపట్టాన నచ్చేది కాదు, అల్లుడు, అదే మీ నాయన, కూడా నచ్చలే... ఏం చెప్తున్న? ఆఁ, సారు. సారు దగ్గర విడి కాయితాలు దారంతోటి కట్టి, నీలం బట్ట అట్టేసిన పెద్ద పుస్తకం ఉండేది. పాఠం అయిపోయినంక శనివారం నాడు ఒక్కొక్కడు ఆ పుస్తకంల తన మాట రాయాలె. ఏం నచ్చింది, ఏం నచ్చలే, ఎందుకు. ఉట్టిగ 'బాగుంది' అని రాసినోన్ని బల్ల మీద నిలబెట్టేటోడు. 'బాగుంది అని పెండ్లిల అంటరు బేటా, పెట్టినోళ్ల మర్యాదకు. పాఠానికేం మర్యాదరా? అది నీతోటి మాట్లాడనీకి వచ్చింది, నువ్వు కూడ మాట్లాడు.' నేను ఎన్నిసార్లు బల్లెక్కిన్నో లెక్క లేదు. క్లాసు లీడర్‌ని, చేతిరాత ముత్యాల లెక్క... చూసినవా, నాకు కూడ ముత్యాలే వస్తున్నయి నోట్లకు. రాత తప్ప నాకు రాసేందుకు ఏం ఉండేది కాదు.

మాతోటి హాతీరాం అని తండా పిలగాడు చదివేటోడు. అడవిలకెల్లి నడిచొచ్చేటోడు, మాట తక్కువ. ఒకసారి అడవిని వర్ణించిన పాఠం వచ్చింది. ఎవరు రాసిండ్రో పేరు యాదికి లేదు. చూసే మనిషి లేక అడవిల పూలన్నీ ఉత్తగ రాలిపోతున్నయని కవి బాధపడతడు. మేమందరం అబ్బ, ఎంత బాధ అనుకున్నం. హాతీరాం ఏం రాసిండో తెలుసా? 'కవి పొద్దెక్కినంక అడవికి పోయినట్టున్నడు. మా అమ్మ తెల్లారకముందే గంప పట్టుకొని ఇప్పచెట్టు కిందనే ఉంటది. పువ్వు మన్నుల పడొద్దని ముందుగాల చెట్టు కింద ఆకులు కాల్చి ఊడ్చి పెడతది. ఒక్క పువ్వు కూడ ఉత్తగ పోదు. మా అమ్మ ఉండంగ చూసే మనిషి లేదని రాసుడు తప్పు.' సారు అది మూడుసార్లు చదివిండు. చదివి కిటికీ కాడికి పోయి నిలబడ్డడు. 'పదేండ్ల సంది ఈ పాఠం చెప్తున్నరా. చెట్టు కింద మనిషి నాకు కనపడలే' అన్నడు. 'ఈ కాయితం మీ అమ్మకు చదివి వినిపియ్యి హాతీరాం. ఇన్‌స్పెక్షన్ కాంగనే విప్పి ఇస్త' అన్నడు. వాడు నవ్వంగ నేను చూసుడు అదే మొదలు.

అవ్, ఇన్‌స్పెక్షన్. ఆ సోమవారమే. హెడ్మాస్టరు వరండల నిలబడి, 'కవిదే తప్పని పిల్లలతోటి రాయిస్తవా వజీర్? ఇన్‌స్పెక్టర్ చూస్తే నిన్ను ఏ మూలకు పంపిస్తడో' అనుకుంట కోపం చేసుడు నేను విన్న. సారు పోతే ఎట్ల? లీడర్‌ని కదా, శనివారం బడి విడిచినంక పుస్తకం ఇంటికి తెచ్చిన. ఆదివారం ఆ పాఠం కాయితాలు మెల్లగ విప్పిన. కొత్త కాయితాల మీద ముప్పై రెండు పేర్లు రాసి, ఒక్కొక్క పేరు కింద 'చాలా బాగుంది, కవి అడవిని కండ్లకు కట్టినట్టు వర్ణించినాడు' అని ముప్పై రెండుసార్లు రాసిన. పాతవి నీళ్లపొయ్యిల పెట్టిన. ఎంత మంచి పని చేసిన్ననుకొని ఆ నీళ్లతోటే తలకు పోసుకున్న. నవ్వకు. నాకు కోపమొస్తది.

ఇన్‌స్పెక్టర్ వచ్చిండు, పుస్తకం తెరిచిండు. అంతా ఒక్కటే మాట, ఒక్కటే చేతిరాత. అనుమానమన్న వచ్చిందా ఆయనకు? 'భేష్! పిల్లలందరిదీ ఒకటే మాట! చేతిరాత కూడ ఎంత బాగ నేర్పినవయ్యా!' అన్నడు. అటెనుక వేలు పెట్టి, 'హాతీరాం ఎవలు? లేచి చదువు' అన్నడు. వాడు లేచి కాయితం చూసిండు. సారు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. నా రాత వానికి తెల్వదా? చదివిండు, ఒక్క అక్షరం తప్పకుండ. ఇన్‌స్పెక్టర్ జీపెక్కి పోయినంక సారు నన్ను పిలిచిండు. కొడతడేమో అనుకున్న. కొట్టినా బాగుండు. 'నన్ను కాపాడినవు బేటా' అన్నడు, గంతే. హాతీరాం మాత్రం నన్నే అడిగిండు, 'నా కాయితమేది? అమ్మకు చెప్పిన, తెస్తనని.' పొయ్యిల పెట్టిన్నని చెప్పిన. 'మల్ల రాయి బేటా' అని సారు పెన్నిచ్చిండు. వాడు తీసుకొని 'బాగుంది' అని రాసిండు. తర్వాత పాఠానికి కూడ బాగుంది. ఆ ఏడు అయిపొయ్యేదాక ప్రతి శనివారం, బాగుంది. సారు వాన్ని ఒక్కనాడు కూడ బల్లెక్కియ్యలే.

సారు పోయి ముప్పై ఏండ్లు దాటింది. కాలేజీల ఎన్ని పాఠాలు చదివిన్నో, ఒక్కటి యాదికి లేదు. ఆ ఇప్పచెట్టు మాట మాత్రం ఉంది. గది కూడ వాడు రాసిందేనో, నేను ఏమన్న కలిపిన్నో... కాయితం ఉంటే గదా చూసుకోనీకి. ఏందీ, ఎన్ని వేయమంటనా? నన్నెందుకు అడుగుతవ్, టీచరువు నువ్వా నేనా? మార్కులు నీ ఇష్టం. ఆ పిల్ల కాయితం ఆ పిల్లకు తిరిగియ్యి, గంతే. వాళ్ల నాయనకు చదివి వినిపియ్యమని... ఊఁ.

ఈ ఫ్యాన్ తిరుగుతలేదేంది? కరెంటు పోయిందా? లే, లేసి చాయ్ పెట్టు పో.