ఎనిమిది గంటల పని

తల్లి సమాధి దగ్గర ప్రార్థన మొదలవగానే సామ్సన్ ఫోను పట్టుకుని పక్కకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. ఒకప్పుడు ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసిన తండ్రి ఏసన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఆదివారం గూడా పనేనా?"

"ఇంటి నుంచి సేసే ఉద్యోగం నాయనా. ఎప్పుడు పిలిచినా పలకాల."

"ఎనిమిది గంటల పని కోసం మిల్లు గేటు కాడ ఎండలో కూసున్నోళ్లం మేము. మీయమ్మ కడుపుతో ఉండి మాకు సంగటి మోసుకొస్తాండె. అట్ల సాధించుకున్నదాన్ని నువ్వు ఊరికే ఇడిసిపెట్టినావు."

"పలక్కపోతే తీసేస్తారు నాయనా."

"మమ్మల్ని మాత్రం తీసేస్తామని బెదిరించలేదా?"

సామ్సన్ సిగ్గుతో తల దించుకున్నాడు. అంతలో ఫోను మళ్లీ మోగింది.

"ఎత్తు," అన్నాడు ఏసన్న ఈసడింపుగా. "మీయమ్మ యాడికీ పోదులే."

సామ్సన్ ఎత్తాడు.